లంతా దీవిలో ఆరు రోజులు

"సముద్రం చూడటానికి సముద్రం దాటిపోవాలటండీ?" అని మా పొరుగింటి పెద్దమనిషి నవ్వారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. బరంపురంలో పుట్టి పెరిగిన మాకు గోపాలపురం రేవు గట్టిగా పదిమైళ్ళు. చిన్నప్పుడు సైకిళ్ళ మీద పోయి, ఇసుకలో కూర్చుని, జేబులోని మరమరాలు తిని, చీకటిపడేలోగా ఇల్లు చేరేవాళ్ళము. అటువంటి మేము ఈ మాఘమాసంలో థాయిలాండు దేశంలోని ఒక దీవికి పోయి, అక్కడి సముద్రపుటొడ్డు పల్లెల్లో ఆరు రోజులుండి వచ్చామంటే ఎవరికైనా నవ్వు రాక మానదు.

అసలు ఆ ప్రయాణం మా బుద్ధికి పుట్టినది కాదు. బెంగుళూరులో కాపురమున్న మా అమ్మాయీ అల్లుడూ తలపెట్టినది. "నాన్నా, అమ్మా నువ్వూ రాకపోతే మేమూ మానుకుంటాము" అని అమ్మాయి బెదిరించింది. మా ఇంటావిడ ఆ పూటనుంచే అప్పడాల కట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇక మా అభిప్రాయంతో ఎవరికీ పని లేకపోయింది.

పాఠకులలో ఇటువంటి ప్రయాణాలు తలపెట్టేవారు కొందరున్నారు. వారికి ఉపయోగిస్తుందని మేము చూచినదీ, విన్నదీ ఈ నెల వ్రాస్తున్నాము. చివర ఒక ఒప్పుకోలు కూడా ఉన్నది. అది మన సంఘానికి సంబంధించినది. దయచేసి అంతదాకా చదవవలెను.

థాయి భాషలో "కో" అంటే దీవి. కో లంతా అనేది క్రబీ అనే జిల్లాలో ఉన్నది. అండమాను సముద్రానికి మన అండమాను దీవులు పడమటి గట్టయితే, లంతా తూర్పు గట్టున ఉన్నదనుకోండి. చిన్న లంతా, పెద్ద లంతా అని దీవులు రెండు. కలకత్తాలో విమానమెక్కి బాంకాకులో దిగి, అక్కడ ఇంకొక విమానంలో క్రబీకి పోయి, అక్కడనుంచి మోటారు వ్యానులో బయలుదేరాము. మధ్యలో వ్యానుతో సహా మమ్మల్ని ఒక పెద్ద బల్లకట్టు పడవ చిన్న లంతాకు చేర్చింది. చిన్న లంతానుంచి పెద్ద లంతాకు పూర్వం మరొక బల్లకట్టు ఎక్కవలసివచ్చేదట. 2016లో వంతెన పడిన తరువాత ఆ బాధ తప్పింది. గడియారాలు గంటన్నర ముందుకు తిప్పుకోవడం మరచిపోయి మేము మొదటిరోజు భోజనాల వేళ తప్పించుకున్నాము. పాఠకులు మరువకుందురు గాక.

పెద్ద లంతా ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా పడుకొని ఉన్న దీవి. మధ్య అంతా కొండ, అడవి, రబ్బరు తోటలు. పడమటి వైపు వరుసగా ఇసుక తీరాలు. ఉత్తరాన సలాదాన్ అనే రేవు ఊరున్నది. అంగళ్ళూ, పడవలూ, సందడీ అంతా అక్కడే. అక్కడనుంచి దక్షిణానికి దిగుతుంటే ఖ్లోంగ్ దావ్, ఫ్రా ఏ, ఖ్లోంగ్ ఖోంగ్, ఖ్లోంగ్ నిన్, కాంతియాంగ్ అని ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. "ఖ్లోంగ్" అంటే కాలువ. ఎంత దక్షిణానికి పోతే అంత నిశ్శబ్దం అని తెలుసుకుంటే చాలు. మా అల్లుడు ముందుగానే విచారించి ఖ్లోంగ్ నిన్‌లో బస కుదిర్చాడు. ఒడ్డున కొబ్బరిచెట్లు, వాటికింద చిన్న చిన్న కొయ్య ఇళ్ళు, వెనక ఊరు, ఊళ్ళో మసీదు. పొద్దున్నే మసీదులో పిలుపు, ఆ తరువాత కోళ్ళు, ఆ తరువాత పొడుగు తోక పడవల మోటార్లు. ఇంతకు మించిన చప్పుడు లేదు.

మొదటి సాయంకాలం మేమందరం ఇసుకలో కూర్చున్నాము. గోపాలపురంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అరవైయేళ్ళుగా అదే చూచిన కళ్ళకు, ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే ఏదో తలకిందులైనట్టు తోచింది. "ఎక్కడికి పోతున్నాడు తాతయ్యా?" అని తొమ్మిదేళ్ళ మా మనవడు అడిగాడు. "మన ఊరికేరా. ఇంకాసేపటికి మన మేడమీద కనిపిస్తాడు" అన్నాము. వాడు చాలాసేపు అటే చూశాడు. మా తాతగారి కాలంలో గోపాలపురం రేవునుంచి రంగూనుకు స్టీమర్లు పోయేవి. కూలికి పోయిన మనవాళ్ళు ఎందరో ఈ సముద్రాన్నే చూస్తూ మన ఒడ్డును తలుచుకొని ఉంటారు.

ఇక భోజనం సంగతి. శాకాహారులు భయపడవలసిన పని లేదు గాని, జాగ్రత్తపడవలసిన పని ఉన్నది. అక్కడ కూరల్లో, పులుసుల్లో "నామ్ ప్లా" అనేది పోస్తారు. నామ్ అంటే నీళ్ళు, ప్లా అంటే చేప. అంటే ఇక చెప్పనక్కరలేదు. మాంసం వద్దంటే ముక్కలు తీసి, ఈ నీళ్ళు పోసి తెస్తారు. వారి తప్పు కాదు, అది వారికి ఉప్పుతో సమానం. అందుచేత "జే" అనే ఒక్క ముక్క నేర్చుకోవాలి. జే అంటే చీనా సంప్రదాయపు నిష్ఠాహారం. అందులో చేప లేదు, గుడ్డు లేదు, ఉల్లి వెల్లుల్లి కూడా లేవు. మా ఇంటావిడ ఏకాదశినాడు కూడా నిశ్చింతగా తిన్నది. పసుపు జెండా మీద ఎర్రని అక్షరం కనిపిస్తే అది జే అంగడి అని గుర్తు. తక్కిన పూటలు అన్నం, కొబ్బరి, అరటిపండు, మా అప్పడాలు.

ఇంకొక మాట. ఈ దీవిలో ఎక్కువమంది ముస్లిములు. ఇసుకలో ఎవరెట్లా ఉన్నా, ఊళ్ళోకి వచ్చేటప్పుడు భుజాలూ మోకాళ్ళూ కప్పుకొని రావాలి. ఇళ్ళకే కాదు, చాలా అంగళ్ళకు కూడా గడప దగ్గర చెప్పులు విడవాలి. మనవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు గాని, అక్కడ విడవనివారిని చూచి మేమే సిగ్గుపడ్డాము. ప్రయాణానికి కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. మే నుంచి అక్టోబరు దాకా నైఋతి వర్షాలు, సముద్రం కోపంగా ఉంటుంది, చాలా పడవలు కట్టేస్తారు.

మూడోనాడు తూర్పు ఒడ్డుకు పోయాము. ఆ పక్క ఇసుక తక్కువ, బురద, మడ అడవులు. తుంగ్ యీ పెంగ్ అనే పల్లెవాళ్ళు ఆ మడ అడవిని తామే కాపాడుకుంటూ, వచ్చినవారిని చిన్న పడవల్లో మెల్లగా తెడ్డు వేసుకుంటూ తిప్పి చూపిస్తారు. ఒకప్పుడు ఈ దీవిలో మడకర్ర కాల్చి బొగ్గు చేసి పినాంగు దాకా అమ్మేవారట. అదే మడచెట్టు ఇప్పుడు నిలబడి ఉన్నందుకు ఆ పల్లెకు అన్నం పెడుతున్నది. నరికితే ఒకసారి డబ్బు, నిలబెడితే ఏటేటా డబ్బు అని పడవవాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మా ఇంటావిడకు ఆ ఇంగ్లీషు మా ఇంగ్లీషు కంటే బాగా అర్థమైంది.

అక్కడికి దక్షిణంగా శ్రీరాయ అనే పాత ఊరున్నది. ఒకటే వీధి. వీధికి ఒక పక్క ఇళ్ళన్నీ కొయ్యవి, పొడుగువి. ముందు గది అంగడి, నడుమ కాపురం, వెనక భాగం నీళ్ళలో పాతిన స్తంభాల మీద. వీధిలో చెప్పులు విడిచి లోపలికి నడుచుకుంటూ పోతే సముద్రం మీద తేలుతాము. ఫుకెట్, పినాంగు, సింగపూర్ల నడుమ తిరిగే వర్తకపు ఓడలకు ఇది మజిలీగా ఉండేది. అందుకని చీనా వర్తకులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పాత తాలూకా కచేరీని ఇప్పుడు ఊరివారి మ్యూజియము చేశారు.

ఒక అంగడిలో ముసలి షావుకారు మాకు కాఫీ ఇచ్చాడు. గోడమీద ఎర్రబట్టపై బంగారు అక్షరాలున్నవి. "ఏమని వ్రాసి ఉన్నది?" అని మా అల్లుడు తన ఫోనులో థాయి చేయించి అడిగాడు. ఆయన ఫోను వంక చూచి, గోడ వంక చూచి, నవ్వి, "మా తాతకు తెలుసు" అన్నాడు. మేమందరం నవ్వాము. బయటికి వచ్చిన తరువాత మాకు ఆ నవ్వు అంత బాగా లేదు. మా ఇంట్లో మా నాయనగారి చేతి వ్రాతతో ఉన్న రామాయణం నోటు పుస్తకం బీరువాలో ఉన్నది. మా మనవడిని రేపు ఎవరైనా అడిగితే వాడు చెప్పే జవాబు కూడా అదే గదా?

నాలుగోనాడు దీవి చివరనున్న సంగ్‌ఖా ఊ అనే పల్లె చూడబోయాము. ఇది సముద్రంవాళ్ళ పల్లె. థాయివారు వీరిని "చావ్ లే", అంటే సముద్రపు జనం అంటారు. వారు తమను ఉరక్ లవోయ్ అని చెప్పుకుంటారు. దాని అర్థమూ అదే. చీనావారికంటే ముందునుంచీ ఈ నీళ్ళలో తిరిగినవారు వీరే. వారి భాష మలయా భాషకు చుట్టం. దానికి సొంత లిపి లేదు. బడిలో చదువంతా థాయిలోనే. ఇంటిపేర్లు కూడా ప్రభుత్వం లెక్కల కోసం తరువాత వచ్చినవే. "హాన్ తలే" అని ఒక ఇంటిపేరున్నది. తలే అంటే సముద్రం. మనకు ఊళ్ళపేర్లు ఇంటిపేర్లైతే వారికి సముద్రమే ఇంటిపేరన్నమాట.

వీరికి ఏడాదికి రెండుసార్లు, థాయివారి లెక్కలో ఆరో నెల పున్నమికీ పదకొండో నెల పున్నమికీ, ఒక పండుగ. తేలిక కర్రతో చిన్న పడవ కట్టి, ఇంటింటివారూ తమ గోళ్ళూ వెంట్రుకలూ, పేలాలూ అందులో వేసి, డోళ్ళు కొట్టి, సముద్రంలో విడిచిపెడతారు. కీడంతా అందులో పోతుందని నమ్మకం. ఇది విన్నప్పుడు మాకు బోయిత బందాణ గుర్తుకు వచ్చింది. కార్తీక పున్నమి తెల్లవారుజామున అరటిదొప్ప పడవల్లో దీపం, తాంబూలం పెట్టి మన ఒరిస్సాలో నీళ్ళలో విడుస్తాము గదా. పూర్వం ఈ దేశాలకు ఓడల్లో పోయిన వర్తకుల గుర్తు అది. థాయివారు కూడా సామాన్యంగా ఆ పున్నమినాడే అరటిదొప్ప దీపాలు నీళ్ళలో విడుస్తారు. సముద్రానికి అటూ ఇటూ ఉన్నవారు ఒకే రాత్రి దీపాలు వదులుతున్నారన్న మాట.

ఆ పల్లెలో ఒక ఇంటి ముందు ఒక అవ్వ కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నది. మాకు దారి చూపుతున్న యువకుడు ఆ పల్లెవాడే. అవ్వ ఎవరినో పిలిచింది. ఇంటివెనకనుంచి ఏడెనిమిదేళ్ళ కుర్రవాడు ఏదో జవాబు చెప్పాడు. అవ్వ మళ్ళీ పిలిచింది. వాడు మళ్ళీ జవాబు చెప్పాడు. ఆ యువకుడు నవ్వుతూ అన్నాడు: "ఆమె మా భాషలో అడుగుతుంది. వాడికి తెలుస్తుంది. జవాబు మాత్రం థాయిలో చెబుతాడు. ఇప్పుడు పిల్లలందరూ ఇంతే."

అప్పుడే మా ఇంటావిడ వెనకనుంచి, "ఒరేయ్ కన్నా, ఎండలో నిలబడకు, ఇట్లా రా" అన్నది. మా మనవడు "ఓకే అమ్మమ్మా, ఐ యామ్ కమింగ్" అన్నాడు. మా అమ్మాయి మా వంక చూచింది. మేము వేరే దిక్కు చూచాము.

గోపాలపురం ఒడ్డున నోలియాల పల్లె ఉన్నది. పూరీలో పెంటకోట ఉన్నది. వారు ఆంధ్రతీరంనుంచి వచ్చి తరతరాలుగా ఒరిస్సా ఒడ్డున వలలు వేసుకొంటున్న తెలుగువారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే ఒడ్డు దాటింది. ఆ ఇళ్ళలో ఈనాటికీ తెలుగే మాట్లాడుతారు. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. పట్టణంలో ఉన్న మనం సంఘాలు పెట్టుకొని, వార్షికోత్సవాలు చేసుకొని, ఉపన్యాసాలు ఇచ్చుకొని, ఆ పల్లెలవాళ్ళకంటే తక్కువ తెలుగు మాట్లాడుతున్నాము. చదువురాని అవ్వల నోట్లో నిలిచినది మన బీరువాల్లో నిలవడం లేదు.

భాష పోతే ఏమి పోతుంది, అన్నం మానేస్తామా అని అడిగేవారున్నారు. మేమే అడిగినవాళ్ళము. దానికి ఈ సముద్రం ఒక జవాబు చెప్పింది. 2004 డిసెంబరు 26 ఉదయం ఇదే సముద్రంలో పెద్ద ఉప్పెన లేచింది. థాయిలాండులో అయిదువేలకు పైగా చనిపోయారు. అదే నీరు అదే ఉదయం మన నాగపట్టణం మీదా, మన ఆంధ్రతీరం మీదా పడింది. నాగపట్టణం జిల్లాలోనే వేలమంది పోయారు. ఉరక్ లవోయ్‌లకు చుట్టాలవంటి మోకెన్ అనే మరొక సముద్రపు జనం ఉత్తరాన సురిన్ దీవుల్లో ఉంటారు. వారి భాషలో "లాబూన్" అనే మాట ఉన్నది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే లాబూన్ వస్తుంది, మనుషుల్ని మింగుతుంది, కొండెక్కండి అని ముసలివాళ్ళు పిల్లలకు కథగా చెప్పేవారు. ఆ ఉదయం నీళ్ళు వెనక్కి పోగానే పెద్దలు ఆ మాట గుర్తుచేసి కేకలు పెట్టారు. ఊరు ఊరంతా కొండెక్కింది. ఇళ్ళు పోయాయి, మనుషులు మిగిలారు. ఇతర చోట్ల వెనక్కి పోయిన నీళ్ళను వింతగా చూడబోయినవారు ఎందరో తిరిగిరాలేదు.

ఒక్క మాట. వ్రాతలో లేదు, పుస్తకంలో లేదు. అవ్వ నోటినుంచి మనవడి చెవికి వచ్చినది. ఆ మనవడు అవ్వ భాష విని జవాబు మరొక భాషలో చెబితే ఫరవాలేదు. వాడి మనవడికి ఆ మాట వినడమే రాకపోతే?

ఉప్పెన తరువాత సముద్రంవాళ్ళకు మరొక చిక్కు వచ్చింది. ఒడ్డు భూములకు ధర పెరిగింది. నేల ఎవరి సొత్తూ కాదని నమ్మిన వీరిలో చాలామంది దగ్గర కాగితాలు లేవు. కాగితాలున్నవారు వచ్చి లేవమన్నారు. ఫుకెట్ లోనూ, లీపె దీవిలోనూ కోర్టుల దాకా పోయింది. 2010 జూన్ 2న థాయి మంత్రివర్గం సముద్రపు జనం జీవనపద్ధతిని కాపాడాలని తీర్మానం చేసింది. తీర్మానం వేరు, నేల వేరు. అందుకని నిశ్శబ్దమైన పల్లెలు చూడబోయే మనవంటివారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన డబ్బు ఊరివాడి పడవకూ, ఊరివాడి హోటలుకూ చేరేటట్టు చూచుకుంటే ఆ నిశ్శబ్దం మరికొన్నేళ్ళు నిలుస్తుంది. ఇళ్ళముందు నిలబడి అడగకుండా ఫోటోలు తీయకపోతే మరీ మంచిది. వారు చూపుడు బొమ్మలు కారు, సంసారులు.

అయిదోనాడు దీవి దక్షిణపు కొసకు పోయాము. అక్కడ దీపస్తంభం, జాతీయ వనం కచేరీ, కోతులు ఉన్నవి. ఆ అగ్రానికి లేమ్ తనోత్ అని పేరు. "తనోత్ అంటే ఏమిటి?" అని మనవడు దారి చూపే యువకుణ్ణి అడిగాడు. అతడు ఫోనులో చెట్టు బొమ్మ చూపించాడు. మేము చూచి, "ఒరేయ్, ఇది తాటిచెట్టురా!" అన్నాము. "తాతయ్య చెట్టా?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. వాడికి తాటిముంజె తెలియదు, తాటాకు తెలియదు, తేగ తెలియదు. మా ఇంటావిడ అక్కడే ఒక రాతిమీద వాణ్ణి కూర్చోబెట్టి తాటిచెట్టు సంగతంతా చెప్పింది. వాడు కోతుల్ని కూడా మరచిపోయి విన్నాడు. తిరిగివచ్చేటప్పుడు వ్యానులో వాడు అడిగినది ఒకటే. "అమ్మమ్మా, ఇవన్నీ ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు?"

మా ఇంటావిడ దగ్గర జవాబు లేదు. మా దగ్గర అసలే లేదు.

ఇక ఒప్పుకోలు. నిరుడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఆదివారపు తెలుగు బడికి పిల్లలు రావడం లేదు గనుక దాన్ని నిలిపివేయాలని తీర్మానం వచ్చినప్పుడు, చెయ్యెత్తిన వారిలో మేము కూడా ఉన్నాము. హాలు అద్దె కలిసివస్తుందని మాట కూడా జోడించాము. ఆ రోజున పంతులమ్మగారు ఏమీ అనలేదు. బలపాల డబ్బా తీసుకొని వెళ్ళిపోయారు. ఆమెను మేము క్షమాపణ అడిగి వచ్చాము. ఆమె మాకు కాఫీ ఇచ్చి, "మీ మనవడు వస్తాడా?" అని మాత్రం అడిగారు.

వాడు బెంగుళూరులో ఉన్నాడు. అయినా ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ఫోనులో కనిపిస్తాడు. మొన్నటికి "అ" నుంచి "ఔ" దాకా వచ్చాము. "ఋ" దగ్గర కొంచెం పేచీ పెట్టాడు.

కార్యదర్శిగారి అనుమతితో, వచ్చే నెల రెండవ ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు సంఘం హాలులో పంతులమ్మగారూ మేమూ కూర్చుంటాము. హాలు అద్దె మాది. ఒక్క పిల్లవాడు వచ్చినా పాఠం జరుగుతుంది. పిల్లలు రాకపోతే, వారి తండ్రులు వచ్చినా చేర్చుకుంటాము. మరమరాల ఉండలు మా ఇంటావిడ చేసి పంపుతానన్నది.